మనుషులెక్కితే పడని తలుపు

ఒక్క సుత్తితో పధ్నాలుగు ప్రాణాలు కాపాడినవాణ్ణి నేను. ముత్తుకూరు రోడ్డుకు అడ్డంగా నిలబడి, సుత్తి పైకెత్తి, దూసుకొస్తున్న వ్యానును ఆపాను. అది ఆగిన మరుక్షణం నా కళ్ళ ముందే నడుము విరిగి కూలబడింది.

రిటైరైన దగ్గర్నుంచి ఈ కథను పెళ్ళిళ్ళలో చెప్పాను, పార్కు బెంచీల మీద చెప్పాను, ఒకసారి పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూడా చెప్పాను. చెప్పినప్పుడల్లా వ్యాను వేగం కొంత, సుత్తి బరువు కొంత పెరుగుతూ వచ్చాయి. కొత్తగా వర్క్‌షాపుల్లో చేరుతున్న పిల్లల కోసం రాయమన్నారు కాబట్టి ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. నోటితో చెప్పేటప్పుడు జారిపోయే అబద్ధం కాగితం మీద కుదురుగా కూర్చుని నా వంక చూస్తోంది. కనుక ఎక్కడెక్కడ సాగదీశానో నేనే చెప్పేస్తాను. ఒక్క భయాన్ని మాత్రం సాగదీయలేదు. దాన్ని ఇన్నాళ్ళూ తగ్గించే చెప్పాను.

నేను పనిచేసింది నెల్లూరు శివార్లలో, బండ్లు అమ్మే ఒక కంపెనీ తాలూకు సర్వీస్ సెంటర్లో. మరమ్మతు నా పని కాదు, తీర్పు నా పని. బాడీ తుప్పు పట్టిందనీ, నేల చిల్లు పడిందనీ, తలుపులు పడటం లేదనీ యజమానులు కంప్లైంట్లు తెస్తారు. ఆ తప్పు తయారీలో ఉందా, వాడకంలో ఉందా అని తేల్చి సంతకం పెట్టేవాణ్ణి నేను. మన తీరాన బండికి తుప్పు త్వరగా వస్తుంది, అది నిజమే. ఆ నిజాన్ని నేను బాగా అరగదీశాను. ఎవరేం చెప్పినా కాగితం మీద రెండు మాటలు రాసేవాణ్ణి: ‘సముద్రపు గాలి.’ వెనకాల నన్ను అందరూ ‘సముద్రపు గాలి సార్’ అనేవాళ్ళు. నాకు తెలుసు. కొంచెం గర్వంగానే ఉండేది.

నా దగ్గర చిన్న గుండ్రటి తల సుత్తి ఒకటి ఉండేది. బండి కింద దూరి, నేలను మోసే ఉక్కు దూలాల మీద దానితో కొట్టి, మోతను బట్టి రోగం చెప్పేవాణ్ణి. ఆ దూలాలు లోపల బోలుగా, పెట్టెల్లా ఉంటాయి. రేకు పలచబడితే చిల్లర డబ్బా మోత వస్తుంది, గట్టిగా ఉంటే నిండైన మోత వస్తుంది. నా చెవి తప్పదని పేరు. ఆ పేరు పెట్టింది కూడా నేనే.

నాకు జోడీగా ఒక టింకరింగ్ మేస్త్రి ఉండేవాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ముప్పై ఏళ్ళు రేకులు కొట్టీ కొట్టీ చెవులు సగం పోయాయి. ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని చర్చికి పోతే అక్కడ ప్రసంగమంతా పెదాలు చూసి అర్థం చేసుకునేవాడు. చెవులు లేవు కాబట్టి అతను బొటనవేలినీ ముక్కునూ నమ్ముకున్నాడు. రేకును నొక్కి చూస్తాడు, వాసన చూస్తాడు. నాకు నవ్వొచ్చేది.

రొయ్యల గుంటల కట్టల మీద తిరిగే వ్యాన్లు అడుగంతా ఉప్పు బురదతో వచ్చేవి. ఆ దూలాలకు అడుగున చిటికెనవేలు దూరేంత బెజ్జాలు ఉంటాయి. బురద వాటిలోంచి లోపలికి చిమ్ముతోందని కనిపెట్టాను. కనిపెట్టినవాణ్ణి ఊరుకోవచ్చుగా? ఆ బెజ్జాలకు రబ్బరు బిరడాలు కొట్టించి, పైన మందంగా నల్లటి పూత వేయించడం మొదలుపెట్టాను. కంపెనీ పుస్తకంలో అలాంటిది లేదు. పూర్తిగా నా సొంత తెలివి.

మేస్త్రి బిరడా చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“సార్, నీళ్ళు కిందనుంచి కొంచెం ఎక్కతాయేమో గానీ, పైనుంచి శానా దిగతాయి. ఐసు పెట్టెలు కరిగిన నీళ్ళన్నీ యాడికి పోతాయి? ఈ బెజ్జాలు దిగేదానికే గదా పెట్టిండేది!”

“మేస్త్రీ, నువ్వు కొట్టు. ఆలోచించేది నేను చూసుకుంటా.”

“ఏంది సార్?”

అతనికి వినపడలేదు. అదే మాట రెండోసారి గట్టిగా అరిచి చెప్పాను. షెడ్డంతా విన్నది. అతను తల వంచుకుని బిరడాలు కొట్టాడు. ఆ సంవత్సరం చివర మేనేజరు నా ‘వినూత్న ఆలోచన’కు గోడ గడియారం ఒకటి బహుమతిగా ఇచ్చాడు.

అలా పూత వేసిన వ్యాన్లలో ఒకటి ముత్తుకూరు అవతలి పల్లెలో ఒకామెది. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళను పల్లెల్లోంచి పోగు చేసి ఫ్యాక్టరీకి తీసుకుపోయే మేస్త్రమ్మ. బండి ఆమె పేరు మీదే ఉంది, నడిపేది ఆమె భర్త. ముందు సీట్లో ఆమె, వెనక పధ్నాలుగు మంది ఆడవాళ్ళు. ఫ్యాక్టరీ సెలవు రోజున అదే బండిలో ఐసు పెట్టెలు.

పూత వేసి రెండేళ్ళు దాటాక ఆమె మొదటిసారి కంప్లైంటుతో వచ్చింది.

“సార్, పక్క తలుపు పడలేదు.”

నేను ఆ జారే తలుపును పట్టి ఒక్క లాగు లాగాను. టక్కుమని పడింది.

“పడిందిగా?”

“ఖాళీగా ఉంటే పడతాది సార్. మనుషులెక్కితే పడదు.”

“అయితే మీ ఆడోళ్ళకు చెప్పమ్మా, కాస్త తక్కువ తినమని.”

మెకానిక్కులందరూ పగలబడి నవ్వారు. ఆమె నవ్వలేదు.

“మీరే ఎక్కి కూర్చోండి సార్. ఈ నవ్వేవోళ్ళను గూడా ఎక్కించండి. అప్పుడు లాగి చూపించండి.”

పిల్లలూ, నా ఉద్యోగం మొత్తంలో నాకు ఎవరైనా చెప్పిన సరైన పరీక్ష అదొక్కటే. చేయడానికి పది నిమిషాలు పట్టేది కాదు. కానీ మా గేటు దగ్గర బోర్డు ఉండేది: బండ్లను ఖాళీ చేసి లోపలికి తీసుకురావలెను. మేం ఏ బండినైనా ఖాళీగానే చూసేవాళ్ళం. ఖాళీ బండి మా ముందు ఎప్పుడూ బుద్ధిగానే ఉండేది. నేను కింద దూరి దూలం మీద సుత్తితో కొట్టాను. ‘దబ్’ మంది. నిండైన మోత. ‘దూలము గట్టిగా ఉన్నది. తలుపు చక్రములు అరిగినవి. కారణము సముద్రపు గాలి’ అని రాసి ఇచ్చాను.

నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే రాశాను. మూడోసారి వచ్చినప్పుడు ఆమె గొంతు తగ్గింది.

“సార్, కాళ్ళ కింద కటకటమంటా ఉండాది. గుంటలో దిగితే మా ఆడోళ్ళు దేవుళ్ళను పిలస్తా ఉండారు, ఒక్కోరు ఒక్కో దేవుణ్ణి. నవ్వుకోబాకండి. నాకూ భయంగానే ఉండాది.”

“అంతమంది దేవుళ్ళు కాపలా ఉంటే ఇంక నాతో ఏం పనమ్మా?” అన్నాను.

ఆమె నా కాగితం తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మూడు వారాలకు, ఎండాకాలం, మధ్యాహ్న భోజనాలు ముగించుకుని షెడ్డులోకి వచ్చాం. ఐసు తోలే వేరే అతని వ్యాను లిఫ్టు మీదికెక్కి ఉంది. బ్రేకుల పని. అదే రకం బండి. అదే నెలలో పూత వేసింది. అలవాటుగా దూలం మీద సుత్తితో కొట్టాను. ‘దబ్.’

“ఉక్కంటే ఇదీ,” అన్నాను.

మేస్త్రికి నా మాటా వినపడలేదు, నా మోతా వినపడలేదు. ముక్కు ఎగబీల్చాడు.

“సార్, రొయ్య వాసన వస్తా ఉండాది.”

“రొయ్యల బండికి మల్లెపూల వాసన వస్తుందా?”

“బండికి కాదు సార్. ఉక్కులోంచి.”

బొటనవేలితో పూతను నొక్కాడు. లోపలికి సొట్ట పడింది, మెత్తటి వంకాయను నొక్కినట్టు. స్క్రూడ్రైవరు తీసి పోటు పొడిచాడు. పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగగానే నల్లటి నీళ్ళు ధారగా వచ్చి అతని ఛాతీ మీద పడ్డాయి. నీళ్ళ వెనక బురద, బురద వెనక పెచ్చులు పెచ్చులుగా తుప్పు, దానిలో రొయ్య మీసాలు. అతను పూతను చింపాడు. చాపలా ఊడి వచ్చింది. దాని వెనక దూలం లేదు. దూలం ఆకారంలో ఉన్నదంతా నా నల్ల పూతే.

అప్పుడు అర్థమైంది, రెండేళ్ళుగా నేను వింటున్న ఆ నిండైన మోత దేనిదో. అది ఉక్కు మోత కాదు. దిగే దారి లేక లోపల నిలిచిపోయిన ఉప్పు బురద మోత.

మేస్త్రి నన్ను దెప్పలేదు. దెప్పి ఉంటే కొంచెం ఊపిరి ఆడేదేమో. మొహం తుడుచుకుని ఒక్కమాటే అడిగాడు.

“ఎన్ని బండ్లకు వేసినాం సార్?”

చెవుల్లో మేస్త్రమ్మ మాట తిరుగుతోంది: ఖాళీగా ఉంటే పడతాది, మనుషులెక్కితే పడదు. మనుషులెక్కితే నేల కుంగుతుంది. నేల కుంగితే తలుపు చట్రం విచ్చుకుంటుంది. ఆమె నాకు మూడుసార్లు చెప్పింది తలుపు గురించి కాదు, వెన్నెముక గురించి.

టైము రెండు దాటింది. మూడింటికి ఫ్యాక్టరీ వదులుతారు. ఫ్యాక్టరీలోకి ఫోన్లు పోనివ్వరు కాబట్టి ఆమె ఫోను మోగదు. ఆమె భర్తకు చేశాను. పూర్తిగా మోగి ఆగింది. రెండోసారి కట్ చేశాడు. మూడోసారి స్విచాఫ్. నా నంబరు చూసి ఎత్తకపోవడానికి వాళ్ళకు కారణాలు చాలానే ఉన్నాయి.

మోటారుసైకిలు తీసి ముత్తుకూరు రోడ్డెక్కాను. గాలిలా పోయానని ఇన్నాళ్ళూ చెప్పాను. ముప్పై దాటలేదు. పోర్టు వైపు నుంచి బొగ్గు లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. లారీ దాటిన ప్రతిసారీ నల్ల దుమ్ము కమ్ముకుని ముందేముందో కనపడదు. ఆ దుమ్ము తేరుకునే రెండు క్షణాల్లో నాకు ప్రతిసారీ వ్యాను కనపడేది. పక్కకు పడి ఉన్నట్టూ, విచ్చుకున్న తలుపులోంచి చీరలు కనపడుతున్నట్టూ. దుమ్ము పోతే ఖాళీ రోడ్డు. మళ్ళీ లారీ. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. నోట్లో బొగ్గు రుచి.

ఒకచోట దూరంగా రోడ్డు పక్కన జనం గుంపుగా కనిపించారు. బండి ఆపేశాను. అక్కడికి పోకపోతే అది జరగనట్టే ఉంటుందని అనిపించింది. వెనక్కి తిప్పుదామా అనుకున్నాను. అనుకోవడమేమిటి, హ్యాండిలు సగం తిప్పాను కూడా. అప్పుడు ఆ గుంపులోంచి ఎవరో నవ్వారు. సోడాలు తాగుతున్న లారీ డ్రైవర్లు. నాకు అక్కడే వాంతి అయింది. ఈ ముక్క ఇంతవరకూ ఏ పెళ్ళిలోనూ చెప్పలేదు.

ఇంకొంచెం దూరం పోయాక, రోడ్డు కింద కాలువ పోయే కల్వర్టు దాటి, ఆ వ్యాను నిజంగానే కనిపించింది. ముందు చక్రాలు, వెనక చక్రాలు నేల మీదే ఉన్నాయి. మధ్యలో పొట్ట తారుకు ఆనింది. మోకాళ్ళ మీద కూలబడిన పశువులా ఉంది. తుమ్మచెట్ల నీడలో ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు, ఒళ్ళో టిఫిను క్యారియర్లు, ఐసులో నాని తెల్లబడిన వేళ్ళు.

ముందు వాళ్ళను లెక్కపెట్టాను. పదమూడు వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టాను. పదమూడే. వ్యాను వైపు చూడటానికి తల తిరగలేదు. అప్పుడు చెట్ల వెనకనుంచి చెంబుతో ఒకామె వచ్చి వరసలో కూర్చుంది. పధ్నాలుగు. “అందరూ బాగున్నారా?” అని అడిగాను. అక్కడే తారు మీద చతికిలబడ్డాను.

నేను ఎవరినీ ఆపలేదు. సుత్తి ఉన్న మాట నిజమే, షెడ్డులోంచి వస్తూ తెలియకుండానే ప్యాంటు జేబులో వేసుకున్నాను. దారి పొడుగునా తొడ మీద కొడుతూనే ఉంది. దాన్ని పైకెత్తలేదు. వ్యాను విరగడం నేను చూడలేదు. ఆ ఆడవాళ్ళను దించింది మేస్త్రమ్మ.

ఆ రోజు ఫ్యాక్టరీ గేటు దగ్గరే తలుపు అసలు పడలేదట. తాడుతో కట్టారు. దారిలో ఆమె వెనక్కి తిరిగి చూస్తే, నేలకూ మెట్టుకూ మధ్య అరచెయ్యంత సందు, ఆ సందులోంచి రోడ్డు పరుగెత్తుతోంది. ఆమె మొగుణ్ణి ఆపమంది. అతను రెండు కిలోమీటర్లే కదా అన్నాడు.

“నేను చెయ్యి పెట్టి తాళం చెవి తిప్పేసినా సార్,” అంది ఆమె. “అందరినీ దించి కల్వర్టు నడిచి దాటించినా. ‘ఖాళీ బండి నువ్వు తోలుకొని రా పో’ అన్నా. కల్వర్టు మిట్ట ఎక్కి దిగినాడో లేదో, టపాకాయ పేలినట్టు మోత. ఇదో, ఇట్టా కూలబడింది.”

ఆమె భర్త ఇంకా స్టీరింగు పట్టుకునే కూర్చుని ఉన్నాడు. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. చేతులు వదలమంటే వదలడం లేదు.

వాళ్ళలో ఒక పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, “ఈయనేనా మేయ్, మనల్ని తక్కువ తినమనింది?” అని అడిగింది. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు మేనేజరు గది. “సముద్రపు గాలి అని రాసేస్తే పోతుంది కదండీ, మీకు కొత్తా?” అన్నాడాయన. నేను బల్ల గుద్ది, తప్పు నాదేనని రాశానని చెప్పుకునేవాణ్ణి. రాయడం నిజం. బల్ల గుద్దలేదు. పిలవకుండానే మేస్త్రి వచ్చి నా పక్కన నిలబడ్డాడు, నల్ల మరకలు పోని చొక్కాతో. మేనేజరు మాట అతనికి వినపడలేదు. ఆయన పెదాలు చూసి, నా కలం వైపు చూస్తూ నిలబడ్డాడు. అతను లేకపోతే నేను ఆ రెండు మాటలే రాసి ఉండేవాణ్ణేమో. ఆ అనుమానం నాకు ఇంకా పోలేదు.

పూత వేసిన బండ్ల పుస్తకం తీసి ఒక్కొక్కరికీ ఫోను చేశాం. కొందరు తిట్టారు, కొందరు నమ్మలేదు. బండ్లు వెనక్కి వచ్చేదాకా పొద్దున పేపర్లో జిల్లా పేజీ నేను తెరిచేవాణ్ణి కాదు. మా ఆవిడ ముందు చదివి, ‘ఏం లేదు’ అంటే అప్పుడు కాఫీ తాగేవాణ్ణి. ఒక్క బండి మాత్రం దొరకలేదు. చేతులు మారి, తమిళనాడు వైపు ఎవరికో అమ్ముడుపోయిందన్నారు. అది ఇప్పటికీ ఎక్కడో తిరుగుతోందో, ఏ పాత సామాన్ల కొట్లోనో ముక్కలైందో తెలియదు. పక్క తలుపున్న వ్యాను ఎదురైతే ఈ వయసులో కూడా నా నడక ఆగుతుంది. తలుపు మూసిన చప్పుడు సరిగ్గా పడిందా లేదా అని వింటాను. అప్పటిదాకా ఊపిరి తీయను.

మీకు సలహాలిచ్చే మొహం కాదు నాది. ఒక్కటి మాత్రం అడుగుతాను. బండి మనుషులెక్కితే ఒకలా ఉంటుందని ఎవరైనా చెబితే, మనుషులను ఎక్కించి చూడండి. మీరూ ఎక్కండి.

ఇంతవరకూ రాసి, పోయిన వారం ఆ మేస్త్రమ్మ ఇంటికి తీసుకెళ్ళి చదివి వినిపించాను. ఆమె గురించి రాసింది ఆమెకు తెలియాలి కదా. అరుగు మీద కూర్చుని ఓపిగ్గా విన్నది. నేను వాంతి చేసుకున్న దగ్గర, “మంచి పని అయింది,” అంది. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి మెచ్చుకోలు కోసం చూశాను.

“బాగుండాది సార్. ఒకటి మాత్రం తప్పు రాసినారు.”

“ఏది? కల్వర్టా?”

“కల్వర్టు కాదు. ముందు లెక్కపెట్టి, అందరూ బాగున్నారా అని అడిగినట్టు రాసుకున్నారే, అది. మీరట్టా అడగలా. మోటారుసైకిలు స్టాండు గూడా వేయకుండా పడేసి, నేరుగా నా కాడికొచ్చి, ‘ఈ సంగతి ఎవరికన్నా చెప్పినావా?’ అనడిగినారు. మమ్మల్ని లెక్కపెట్టింది, నేను తిట్టినాక.”